ఒకే చిరునామా

ధారావాహిక: పదకొండో వారం

"ఆ స్క్రూడ్రైవరు కింద పెట్టండి," అంది బైండరమ్మ, పడుకున్న చోటు నుంచే.

భర్త వినిపించుకోలేదు. గోడకు బిగించిన మందుల పెట్టె మూత సందులో మొన దూర్చి, బలమంతా మోచేతిలోకి తెచ్చుకుని పైకి లేపుతున్నాడు. పెట్టె మీద ఎర్రదీపం వెలుగుతోంది. మూడు రోజులుగా అదలా వెలుగుతూనే ఉంది.

"దాన్ని పగలగొట్టారంటే మరుక్షణం కంపెనీకి తెలిసిపోతుంది. ఇంక ఈ జన్మలో నాకు మందివ్వరు."

"ఇప్పుడేమైనా ఇస్తున్నారా?"

"నాలుగింటికి డాక్టరమ్మ మాట్లాడతానంది కదా."

"నాలుగింటికా! ఇప్పుడు టైమెంత? పదిన్నర. అప్పటిదాకా నువ్విలా దొర్లుతుంటే నేను చూస్తూ కూర్చోవాలా?"

ఆయన గొంతు అంత పైకి లేవడం బైండరమ్మ ఎప్పుడూ వినలేదు. సిటీ బస్సు డ్రైవరు. ఇరవై ఏళ్ళుగా రోడ్డు మీద అందరి తిట్లూ తిని, ఇంటికొచ్చి ఎవర్నీ పల్లెత్తు మాట అనని మనిషి. తన కోసమే ఇంత తల్లడిల్లిపోతున్నాడనుకుంది. అంత నొప్పిలోనూ ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి.

వంటింట్లోంచి అత్తగారు తొంగిచూసింది.

"ఒరేయ్, దాని జోలికి పోకు. అసలే చిన్నత్త. అలిగిందంటే నాకన్నా మొండిది."

ఆ పెట్టెకు చిన్నత్త అని పేరు పెట్టింది ఆవిడే. ఫోన్లో వైద్యం చేసే కంపెనీ వాళ్ళు పద్నాలుగు నెలల క్రితం దాన్ని తెచ్చి గోడకు బిగించి వెళ్ళారు. నెలకోసారి వాళ్ళ మనిషి వచ్చి మాత్రలు నింపి పోతాడు. పొద్దున ఎనిమిదింటికి ఒకటి, రాత్రి ఎనిమిదింటికి ఒకటి. బైండరమ్మ బొటనవేలు ఆనిస్తేనే చిన్న అర తెరుచుకుంటుంది. ఆలస్యమైతే కూత పెడుతుంది.

"టైముకి పెడుతుంది, పెట్టిందానికి లెక్క అడుగుతుంది, ఇంకొకటి కావాలంటే చచ్చినా పెట్టదు. అచ్చం అత్తే," అని మొదటి రోజే తేల్చేసింది ఆవిడ. "నేను పెద్దత్తని, ఇది చిన్నత్త." ఆ రోజు ముగ్గురూ పడీ పడీ నవ్వుకున్నారు.

ఇవాళ ఎవరూ నవ్వలేదు.

స్క్రూడ్రైవరు జారి ఆయన బొటనవేలు చీరుకుపోయింది. దాన్ని మూలకు విసిరేసి కుర్చీలో కూలబడ్డాడు.

బైండరమ్మ పక్కకు ఒత్తిగిలబోయి మధ్యలోనే ఆగిపోయింది. ఎడమ తుంటి దగ్గర మొదలైన మంట మడమ దాకా పాకి, మళ్ళీ మొదటికొచ్చింది.

ఆరేళ్ళ కిందట గ్రంథాలయంలో నిచ్చెన మీద నుంచి పడింది ఆమె. చిరిగిన పుస్తకాలకు కుట్లు వేసి, జిగురు పూసి, కొత్త అట్టలు కట్టడం ఆమె ఉద్యోగం. అందుకే అందరికీ బైండరమ్మ. నడుముకి ఆపరేషను చేశారు. ఎముక అతుక్కుందన్నారు. నొప్పి మాత్రం అలాగే ఉండిపోయింది. వెళ్ళిన ప్రతి ఆసుపత్రిలోనూ ఎక్స్‌రేలు వెలుతురుకు ఎత్తి చూసి, "అంతా బాగానే ఉంది, మనసు గట్టి చేసుకోండమ్మా" అని పంపేశారు. నాలుగేళ్ళ తర్వాత ఫోన్లో కనిపించిన ఓ డాక్టరమ్మ ఎక్స్‌రేల మాటే ఎత్తలేదు. "మీరు రాత్రంతా నిద్రపోయి లేచింది చివరిసారి ఎప్పుడో గుర్తుందా?" అనడిగింది. బైండరమ్మ జవాబు చెప్పలేక ఏడ్చేసింది. ఆవిడ రాసిన మందుతోనే మళ్ళీ రోజుకు నాలుగు గంటలు కుర్చీలో కూర్చుని సూదీ దారం పట్టగలిగింది.

మొన్న పొద్దున వేలు ఆనిస్తే అర తెరుచుకోలేదు. ఫోన్లో కబురొచ్చింది. 'మీ చిరునామా మీదే ఇదే మందు మరొకరి పేరుతో కూడా వెళ్తోంది. విచారణ ముగిసేవరకు రెండు ఖాతాలూ నిలిపివేశాం.' ఆ మరొకరు ఎవరని అడిగితే, పేరు బయటపెట్టకూడదు అన్నారు. ఆ అన్నది కూడా మనిషి కాదు, జవాబులు చెప్పే యంత్రం.

అప్పటి నుంచి ఒక ప్రశ్న ఆమె నాలుక చివరే ఉంది. ఇంట్లో ఉన్నది ముగ్గురు. అందులో తనొకర్తి.

"అత్తయ్యా," అంది చివరికి. "ఒక మాట అడుగుతా. ఏమీ అనుకోరుగా?"

"అనుకునేదయితే అనుకుంటా. అడుగు."

"మోకాళ్ళ నొప్పికి మీరేమైనా... ఫోన్లో... తెప్పించుకున్నారా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అత్తగారు తడి చేతులతోనే గుమ్మం దాటి వచ్చింది.

"అంటే, నీ మందు నేను కాజేశానంటావ్."

"కాజేశారని కాదత్తయ్యా..."

"మరేంటి? పోయిన నెల మోకాళ్ళు సలిపేస్తుంటే, నాకూ ఒకటి ఇప్పించరాదూ అని నోరు జారి అడిగా. ఆ మాట ఇవాళ్టి కోసం దాచిపెట్టుకున్నావన్నమాట."

"నాకింకేం తోచలేదు. ఇంకెవరున్నారు ఇంట్లో?"

"ఫోన్లో పచ్చ బొత్తామేదో ఎర్ర బొత్తామేదో చూడ్డానికే నాకు కళ్ళజోడు కావాలి. అలాంటిదాన్ని డాక్టర్లతో మంతనాలాడి, ఇంకో పేరు పెట్టుకుని, గుట్టుగా మందు తెప్పించుకున్నానా? మెచ్చుకోవాలమ్మా నా తెలివితేటల్ని!"

ఆవిడ కొడుకు వైపు తిరిగింది. కొడుకు బొటనవేలికి గుడ్డ చుట్టుకుంటున్నాడు.

"నువ్వైనా చెప్పరా నీ పెళ్ళానికి."

ఆయన తలెత్తలేదు. గుడ్డ ఇంకో చుట్టు చుట్టాడు.

ఆవిడ "సరే. బావుంది," అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత గంటసేపు వంటింట్లోంచి గిన్నెల చప్పుడు రాలేదు.

పన్నెండున్నరకి బైండరమ్మ తమ్ముడు తలుపు తోసుకుని లోపలికొచ్చాడు.

రెండు వీధుల అవతల మందుల షాపు అతనిది. ఎనిమిది నెలలుగా ఈ గడప తొక్కలేదు. "నీ ఫోన్లోనే డాక్టరు, నీ ఫోన్లోనే షాపు. ఇంక నీకు తమ్ముడెందుకు?" అని ముఖం మీదే అనేసి వెళ్ళినవాడు. అతన్ని పిలిపించింది అత్తగారు. ఆ గంటసేపూ ఆవిడ చేసిన పని అదే. కళ్ళజోడు పెట్టుకుని, అతని నంబరు వెతికి, పచ్చ బొత్తాం నొక్కింది.

తమ్ముడు అక్క పక్కన నేల మీదే కూర్చుని, బీపీ చూసే పట్టీ ఆమె చేతికి చుట్టాడు.

"ఎన్నాళ్ళయింది మందాగి?"

"ఇవాళ్టికి మూడో రోజు."

"విరేచనాలు?"

"పొద్దున్నుంచి ఐదుసార్లు."

"ఆవలింతలొస్తున్నాయా?"

నోరు తెరిచి చెప్పేలోగా ఆమెకు ఆవలింత వచ్చింది. తమ్ముడు తలూపాడు.

"ఇది ఒట్టి నొప్పి కాదక్కా. ఒళ్ళు ఆ మందుకి అలవాటు పడిపోయింది. కొద్దికొద్దిగా తగ్గించాలి గానీ, కుళాయి కట్టేసినట్టు ఒక్కసారి కట్టేస్తే ఊరుకోదు. ముక్కు కారడం, చెమటలు, రోమాలు నిక్కబొడుచుకోవడం... అన్నీ అదే."

"నీ షాపులో ఉంటుందిగా. రెండంటే రెండు ఇవ్వరా. నాలుగింటిదాకా తట్టుకుంటా."

"చీటీ లేకుండా ఇవ్వలేనక్కా."

"డాక్టరమ్మ దొరక్కముందు అడిగినప్పుడూ అదే మాట."

"అప్పుడూ అదే, ఇప్పుడూ అదే. అడిగినప్పుడల్లా ఇస్తే నీకు నేనే డాక్టర్నయి కూర్చునేవాణ్ణి. అది నీకు మంచిది కాదు."

"యంత్రం కూడా అలాగే అంది."

తమ్ముడు పట్టీ విప్పాడు. దాన్ని మడత పెట్టడానికి మామూలుకన్నా ఎక్కువసేపే పట్టింది.

"యంత్రానికి తెలియని సంగతొకటి చెప్పనా?" అన్నాడు తర్వాత. "మొన్నటి నుంచి నా షాపుకొచ్చి ఇదే మందు అడిగినవాళ్ళు నువ్వు కాక ఏడుగురు. అందరివీ ఇలాంటి పెట్టెలే. అందరికీ తాళాలే. ఇన్నాళ్ళూ వాళ్ళు నా షాపు ముందు నుంచి తల తిప్పుకుని పోయేవాళ్ళు. ఇప్పుడు నా కళ్ళలోకి చూస్తూ అడుగుతున్నారు. నేనేమో లేదని చెప్పి పంపుతున్నా. నాకేమైనా సంతోషంగా ఉందనుకుంటున్నావా?"

ఆమె తమ్ముడి చెయ్యి మీద చెయ్యి వేసింది.

అతను సంచిలోంచి ఉప్పూ పంచదారా కలిసిన పొడి తీసి నీళ్ళలో కలిపాడు. గుక్కగుక్కగా తాగిస్తుంటే వెనక నుంచి ఆవలింత వినిపించింది. పెద్ద ఆవలింత. కాసేపటికి మళ్ళీ ఇంకొకటి. ఆ వెనకే ముక్కు చీదుకున్న చప్పుడు.

తమ్ముడు గ్లాసు కింద పెట్టి వెనక్కి తిరిగాడు.

"బావా, జలుబా?"

"ఊఁ."

"ఎప్పటినుంచి?"

"రెండు మూడు రోజులు."

"ఓసారి ఇలా కిటికీ దగ్గరికి రా."

"నాకేమైందని? మీ అక్కని చూడు ముందు."

"రా బావా."

ఆయన లేచాడు. కిటికీలోంచి మిట్టమధ్యాహ్నపు ఎండ నేరుగా ఆయన ముఖం మీద పడింది. చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. అంత ఉక్కలో ఆయన ముంజేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడి ఉన్నాయి. తమ్ముడు ఆయన గడ్డం పట్టుకుని కళ్ళలోకి చూశాడు.

"ఇంత వెలుగులో కంటిపాప ఇంత పెద్దదిగా ఉండకూడదు," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఎన్నాళ్ళుగా వాడుతున్నావ్?"

ఆయన గడ్డం విడిపించుకున్నాడు.

"ఐదు నెలలు," అన్నాడాయన.

బైండరమ్మ మోచేతి మీద లేచి కూర్చుంది. ఎలా లేవగలిగిందో ఆమెకే తెలియదు.

"ఏంటీ?"

"భుజం. కుడి భుజం." ఆయన ఆమె వైపు చూడకుండా గోడతో చెప్తున్నాడు. "మెడ దగ్గర మొదలై వేళ్ళ దాకా వస్తుంది. ఒక్కోసారి గేరు మీద చెయ్యి ఉందో లేదో కూడా తెలీదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎప్పుడు చెప్పను? పొద్దున లేస్తే నీ కాలు. పడుకుంటే నీ కాలు. ఇంటికెవరొచ్చినా ముందు నిన్నడుగుతారు. అడిగి, నా వైపు చూసి, పాపం ఎంత ఓపికగా చేస్తున్నావయ్యా అంటారు. ఆ మాట విన్నాక, నాకూ నొప్పేనండీ అని ఏ నోటితో చెప్పను? ఈ ఇంట్లో నొప్పికి ఒకటే పక్క వేసుంది. అందులో నువ్వున్నావ్."

ఆమెకు చెంప మీద కొట్టినట్టయింది. అబద్ధమని మాత్రం అనలేకపోయింది.

"నా పెట్టెలోంచి తీసుకోలేదేం?"

"లెక్క తప్పితే నీకు ఆపేస్తారు కదా. అందుకే నా పేరున తెప్పించుకున్నా. ఖాతాలో ఇంటి చిరునామానే రాశా. ఇద్దరికీ ఒకే చిరునామా అయితే కంపెనీ పట్టేస్తుందని తట్టలేదు."

"డాక్టరమ్మే రాసిందా?"

"డాక్టరెవరు? ఫోను ఐదు ప్రశ్నలడిగింది. నొప్పి ఎక్కడ, ఎంత, ఎన్నాళ్ళుగా, ఇంతకుముందు ఏం వాడారు, ఏం పని చేస్తారు. నీ నోట విన్నవే చెప్పా. రెండో రోజుకి డిపో ఎదురుగా పార్సిళ్ళ అరలో వచ్చి పడింది."

"ఆ మందు కోసం నేను నాలుగేళ్ళు తిరిగాను," అంది బైండరమ్మ. ఎవరితో అన్నదో తెలియదు.

తమ్ముడు అడిగాడు. "ఐదో దానికి ఏం చెప్పావ్ బావా? ఏం పని చేస్తారంటే?"

"గుమాస్తా అని."

అప్పుడు అందరికీ ఒకేసారి బస్సు గుర్తొచ్చింది.

బైండరమ్మ మాటలు కూడదీసుకుంది. "మాత్ర వేసుకున్నాక గంటసేపు నేను కత్తి ముట్టుకోను. మీకు తెలుసుగా? అట్టలు కోసే కత్తి. జానెడు ఉంటుంది."

"తెలుసు."

"మీ బండిలో ఎంతమంది ఉంటారు?"

ఆయన మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. "ఏమీ కాలేదు," అన్నాడు. తర్వాత ఎవరూ అడక్కుండానే మిగతాది చెప్పాడు. "ఒక్కసారి. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నా. వెనక హారన్లు మోగితే కళ్ళు తెరిచా. ఎదురుగా చేతికర్ర పట్టుకుని ఒకాయన రోడ్డు దాటుతున్నాడు. బండి మెల్లగా ముందుకు జారుతోంది. కాలు బ్రేకు మీదే ఉందనుకున్నా. లేదు."

"ఆయనకి...?"

"తగల్లేదు. తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు."

అత్తగారు వంటింటి గుమ్మంలో ఎప్పుడొచ్చి నిలబడిందో ఎవరూ గమనించలేదు. బైండరమ్మ ఆవిడ వైపు తిరిగింది.

"అత్తయ్యా, పొద్దున నేను..."

"నీ సంగతి తర్వాత." ఆవిడ చూపు కొడుకు మీదే ఉంది. "అది నన్ను దొంగని చేస్తుంటే, వేలికి గుడ్డ చుట్టుకుంటూ కూర్చున్నావు కదరా."

కొడుకు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

తమ్ముడు సంచి సర్దుకుంటూ అడిగాడు. "ఇవాళ డ్యూటీ ఉందా బావా?"

"ఐదున్నరకి."

"వెళ్ళకు. ఈ స్థితిలో స్టీరింగు పట్టుకోవడం మాత్ర వేసుకుని పట్టుకున్నంత ప్రమాదం. ఒంట్లో బాలేదని ఫోన్ చేసి చెప్పు. నాకు మాటివ్వు."

"సరే."

"నేను షాపు మూసేసి నాలుగున్నరకల్లా వస్తా."

అతను వెళ్ళాక అత్తగారు ఇద్దరికీ టీ పెట్టి తెచ్చి, చెరో పక్కా పెట్టి వెళ్ళిపోయింది. ఎవరూ తాగలేదు.

మూడింటికి బైండరమ్మ పిలిచింది. "ఇలా రండి."

ఆయన వచ్చి నేల మీద కూర్చున్నాడు.

"చొక్కా తియ్యండి."

"ఎందుకిప్పుడు?"

"తియ్యండి."

కుడి భుజం వెనక చర్మం గోధుమరంగులో మచ్చలు మచ్చలుగా కమిలి ఉంది. వేడినీళ్ళ సంచి పెట్టీ పెట్టీ కాలిన మచ్చలు. ఎక్కడ పెట్టుకునేవాడు? డిపోలోనా? బండి ఆగినప్పుడల్లా సీటుకీ వీపుకీ మధ్యనా? ఆమె అడగలేదు. పుస్తకం వీపు నొక్కి చూసినట్టు బొటనవేలితో మెడ నుంచి కిందికి నొక్కుకుంటూ వచ్చింది. ఒకచోట ఆయన ఊపిరి బిగపట్టాడు.

"ఇక్కడా?"

"ఊఁ."

ఆ చోట అరచెయ్యి ఆనించి ఉంచింది. ఆయనను ఇలా ముట్టుకుని ఎన్నాళ్ళయిందో లెక్క పెట్టబోయి మానుకుంది.

"నాలుగింటికి ఏం చెప్తావ్?" అన్నాడాయన అలా కూర్చునే.

"జరిగింది చెప్తా."

"చెప్తే ఏమవుతుందో తెలుసా? బండి తోలేవాడు ఈ మందు వాడుతున్నాడని తెలిస్తే డాక్టరు రవాణా ఆఫీసుకి చెప్పి తీరాలి. ఆ ఐదో ప్రశ్న కింద రాసే ఉంది. లైసెన్సు పోతుంది. నాకు ఇంకో పని రాదు."

"మరి?"

"ఎవరో పొరపాటున మన చిరునామా రాసుంటారని చెప్పు. నీ పెట్టె తెరుచుకుంటుంది. నేను మానేస్తా. మూడు రోజులు ఓర్చుకున్నా, ఇంకో నాలుగు రోజులు ఓర్చుకోలేనా?"

"భుజం?"

"భుజం నేను చూసుకుంటా."

"మొదటి ఏడాది నేనూ అలాగే అనుకున్నా."

అప్పుడు అత్తగారు వచ్చి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. మోకాళ్ళు రెండూ చేతులతో పట్టుకుని, ఒక్కో మాటా నిదానంగా చెప్పింది.

"నా పేరు చెప్పండి."

ఇద్దరూ ఆవిడ వైపు చూశారు.

"ముసల్దాన్ని. మోకాళ్ళు అరిగిపోయాయి. కొడుకు ఫోను తీసుకుని, కొడుకు పేరుతో నేనే తెప్పించుకున్నానని చెప్పండి. నా దగ్గర ఏం లైసెన్సు ఉందని లాక్కుంటారు?"

"వద్దమ్మా," అన్నాడు కొడుకు.

"నువ్వు నోరు ముయ్. పొద్దున బాగా మూశావుగా, అలాగే ముయ్." తర్వాత కోడలి వైపు తిరిగింది. "నువ్వు ఎలాగూ అనేశావు కదమ్మాయ్. అదే నిజమనుకో. నాకేం కోపం లేదు."

కోపం లేదని అంటున్నప్పుడు ఆవిడ పెదవి వణికింది.

నాలుగు కొట్టగానే ఫోను మోగింది. బైండింగుకి తెచ్చి వదిలేసిన పుస్తకాల దొంతరకు దాన్ని ఆనించారు. తెల్లజుట్టు, కాస్త వంకరగా కూర్చున్న కళ్ళజోడు, అలసిపోయిన ముఖం. డాక్టరమ్మ. భర్త కెమెరాకు కనపడకుండా వీధి గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, మూడు రోజులు మిమ్మల్నిలా వదిలేశాం. క్షమించాలి. ఆపింది నేను కాదు. ఆపారని నాకు తెలిసిందే నిన్న సాయంత్రం. ఎలా ఉన్నారు?"

"బతికున్నా డాక్టరుగారూ."

"కనపడుతోంది. ముందు ఇది తేల్చేద్దాం. ఆ రెండో ఖాతాలో మందు వాడుతున్నది ఎవరో తెలిస్తే విచారణ ముగించి, మీ పెట్టె ఇప్పుడే ఇక్కడి నుంచి తెరిపిస్తాను. మీకేమైనా తెలుసా?"

బైండరమ్మ నోరు తెరిచేలోగా ఆమె భుజం మీద చెయ్యి పడింది. అత్తగారి ముఖం తెరలోకి వచ్చింది.

"నేనేనమ్మా. మోకాళ్ళ నొప్పి భరించలేక మావాడి ఫోన్లో నేనే తెప్పించుకున్నా. తప్పయిపోయింది."

డాక్టరమ్మ కళ్ళజోడు సరిచేసుకుంది. "రోజుకి ఎన్ని వేసుకునేవారమ్మా?"

"పొద్దునొకటి, రాత్రొకటి."

"మీక్కూడా మూడు రోజులుగా లేదు కదా. ఎలా ఉంది ఒంట్లో?"

"మోకాళ్ళు సలుపుతున్నాయి."

"అంతేనా? కడుపులో ఏమైనా? నిద్ర?"

"కడుపుకేమైంది? శుభ్రంగా తింటున్నా. నిద్రంటారా, ఈ వయసులో ఎంత పడితే అంత."

డాక్టరమ్మ ఏదో రాయబోయి కలం ఆపింది. ఆవిడ చూపు అత్తగారి మీద నుంచి నెమ్మదిగా బైండరమ్మ మీదికి వచ్చింది.

"అమ్మా, మీ అత్తగారు చెప్పింది నిజమేనా?"

బైండరమ్మ తల దించుకుంది.

"మీరు అవునంటే నేనిక్కడితో ముగించేస్తాను. కాదంటే ఫైలు పైవాళ్ళకి వెళ్తుంది. వారం పట్టొచ్చు. ఆ వారం మీకు కొద్దికొద్దిగానైనా మందిప్పించాలని చూస్తాను. ఇప్పిస్తానని మాత్రం మాటివ్వలేను."

వారం. మూడు రోజులకే ఇలా ఉంది. అవును అంటే చాలు. ఒళ్ళంతా ఆ ఒక్క మాట కోసం కాచుకుని ఉన్నట్టుంది. భుజం మీద అత్తగారి వేళ్ళు బిగుసుకున్నాయి.

ఆమె కళ్ళెత్తి గుమ్మం వైపు చూసింది. భర్త రెండు చేతులూ జోడించి నిలబడి ఉన్నాడు. అలా నిలబడే ఆవలించాడు. చప్పుడు వినపడకూడదని జోడించిన చేతులనే నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

రేపు డ్యూటీ. ఎల్లుండి డ్యూటీ. నాలుగు రోజులు ఓర్చుకున్నా ఆ భుజం ఊరుకోదు. అది ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. తెరలో ఉన్నదేమో ఆరేళ్ళలో తన మాట నమ్మిన మొదటి మనిషి.

"కాదు డాక్టరుగారూ," అంది.

భుజం మీది చెయ్యి లేచిపోయింది.

"ఆ ఖాతా మా ఆయనది. ఐదు నెలలుగా వాడుతున్నారు. ఆయనకి నొప్పి ఉంది. నిజంగానే ఉంది. కుడి భుజం, మెడ నుంచి వేళ్ళ దాకా. నేను ఇవాళే చూశాను. ముందు అది రాయండి." ఆమె ఊపిరి తీసుకుంది. "రాశారా? ఆ తర్వాత, ఆయన బస్సు డ్రైవరని రాయండి."

డాక్టరమ్మ తల వంచి రాసింది. కలం పక్కన పెట్టింది.

"ఆయన్ని ఓసారి నా ముందు కూర్చోమనండి," అంది. "ఐదు నెలల్లో మాలో ఒక్కరం కూడా ఆ మనిషి ముఖం చూడలేదు."

బైండరమ్మ గుమ్మం వైపు తిరిగింది.

అక్కడెవరూ లేరు.

అత్తగారు మోకాళ్ళ మీద చేతులు ఊని లేచి, గోడ పట్టుకుంటూ వీధి గదిలోకి నడిచింది. "ఒరేయ్," అని పిలిచింది. ఇంకోసారి, ఈసారి గట్టిగా, "ఒరేయ్!"

వీధిలోంచి తమ్ముడి గొంతు వినిపించింది. "బావా! ఎక్కడికి? బావా, ఆగు!" ఆ వెనకే పరుగెడుతున్న అడుగుల చప్పుడు. అది మలుపు దాకా వెళ్ళి వినపడకుండా పోయింది.

బైండరమ్మ గోడ ఊతతో లేవబోయింది. కాలు నిలవలేదు.

"అమ్మా," అని ఫోన్లోంచి పిలుస్తోంది డాక్టరమ్మ. "అమ్మా, ఆయన అక్కడే ఉన్నారా?"